కోర్టు ఇచ్చే వకీలుకు కొత్త నియమావళి కావాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

జిల్లా కోర్టుల్లో ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ కాలం సెషన్స్ కోర్టు బెంచి క్లర్కుగా గడిపి రిటైరైనవాణ్ణి. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి కోర్టే ఒక న్యాయవాదిని ఇచ్చే పద్ధతిని మేము ‘స్టేట్ బ్రీఫ్’ అంటాము. ఏ రోజు కేసులో ఏం జరిగిందో రాసే డాకెట్‌లో ఆ నియామకాల పంక్తులు నా చేతితో ఎన్ని రాశానో లెక్క లేదు. ఆ పంక్తి వెనక ఏం జరిగేదో, ఏం జరగకుండా పోయేదో తెలిసినవాడిగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులూ రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఈ విషయమై తమ చేతిలో ఉన్న ఒక అధికారాన్ని పూర్తిగా వాడుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆ అధికారం ఏమిటో ముందు చెబుతాను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 304వ సెక్షన్ ప్రకారం, సెషన్స్ కోర్టు విచారణలో ముద్దాయికి వకీలు లేకపోతే, పెట్టుకునే స్తోమత కూడా లేదని కోర్టుకు తోస్తే, ప్రభుత్వ ఖర్చు మీద ఒకరిని ఇవ్వాలి. ఇతర కోర్టులకు దాన్ని వర్తింపజేయడం రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ మీద ఆధారపడి ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే విషయం 341వ సెక్షన్‌గా వచ్చింది. ఈసారి సెషన్స్ కోర్టు అన్న మాట తీసేసి, ఏ కోర్టులోనైనా విచారణలో గానీ అప్పీలులో గానీ అని రాశారు. అంటే సెల్‌ఫోన్ దొంగతనం కేసులో మేజిస్ట్రేటు ముందు నిలబడ్డ కుర్రవాడికి కూడా ఈ హక్కు నేరుగా చట్టంలోంచే వస్తుంది. అదే సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం, ఆ న్యాయవాదులను ఎలా ఎంపిక చేయాలి, కోర్టులు వారికి ఏ సదుపాయాలు కల్పించాలి, ఫీజు ఎంత ఇవ్వాలి అనే మూడింటి మీదా రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదంతో హైకోర్టు నియమాలు చేయవచ్చని చెబుతోంది. ఇందుకు పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. అమరావతిలోనూ హైదరాబాదులోనూ తేలే పని ఇది.

నియమాల అవసరం ఎక్కడ పడుతుందో చెప్పాలంటే ఒక కేసు గురించి రాయాలి. ఏ కోర్టు, ఏ ఊరు అన్నది అనవసరం. ఇరవై ఏళ్లు దాటింది. హత్య కేసు. ముద్దాయి వ్యవసాయ కూలీ, ఎనిమిది నెలలుగా రిమాండ్‌లో ఉన్నాడు. అతని తరఫున ఎవరూ వకాలతు వేయలేదు. ఉదయం కాల్ వర్కులో కేసు పిలిచినప్పుడు జడ్జిగారు నా వైపు చూశారు, నేను హాలు వైపు చూశాను. రెండో బెంచీలో, వేరే కేసులో వాయిదా పిటిషన్ వేయడానికి వచ్చిన ఒక యువ న్యాయవాది కనిపించారు. ప్రాక్టీసు మొదలుపెట్టి మూడేళ్లయి ఉంటుంది. ఆయన పేరు చెప్పాను, జడ్జిగారు సరేనన్నారు, డాకెట్‌లో పంక్తి రాశాను. నియామకం అంతటితో అయిపోయింది. ఆ రోజే అభియోగం చదివి వినిపించారు. వాయిదా నాటికి నలుగురు సాక్షులు వచ్చారు. అప్పటికి ఆ న్యాయవాది చేతిలో ఉన్నది నేను ఇచ్చిన జిరాక్సు కట్ట ఒక్కటే. అందులో కొన్ని కాగితాలు మసకబారి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి, రెండు మూడు అసలు లేనే లేవు. ఆయన గడువు అడిగారు. సాక్షులు పనులు మానుకుని వచ్చారు గనుక మధ్యాహ్నం దాకా ఆపుతామన్నారు. ముద్దాయితో ఆయన మాట్లాడింది వరండాలో, ఇద్దరు ఎస్కార్టు కానిస్టేబుళ్ల మధ్య, ఒక టీ తాగినంత సేపు.

మధ్యాహ్నం రెండో సాక్షి, రాత్రిపూట తన గుమ్మంలో నిలబడి దాడిని కళ్లారా చూశానని చెప్పాడు. క్రాస్‌లో, అంటే ఆ సాక్షిని ఎదురు ప్రశ్నించేటప్పుడు, ఆ న్యాయవాది మూడు ప్రశ్నలు వేశారు. ‘నేను పోలీసులు చెప్పమన్నట్టు చెబుతున్నాననుట నిజం కాదు, నేను ఆ సమయంలో ఊళ్లో లేననుట నిజం కాదు, నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననుట నిజం కాదు’ అని మూడు వాక్యాలు రికార్డయ్యాయి. కోర్టు భాష తెలిసినవారికి ఈ మూడు వాక్యాలూ కొత్త కావు. అడగడానికి ఏమీ లేనప్పుడు అడిగేవి అవే. మరో సాక్షి వాంగ్మూలం అడుగున ‘క్రాస్: నిల్’ అని ఉంది. ముద్దాయికి యావజ్జీవ శిక్ష పడింది.

తర్వాత అప్పీలు కోసం రికార్డు హైకోర్టుకు పంపాల్సి వచ్చినప్పుడు పేజీ నంబర్లు వేస్తూ కూర్చున్నాను. దర్యాప్తు అధికారి గీసిన ఘటనాస్థలం రఫ్ స్కెచ్ అప్పుడు చేతికొచ్చింది. ఆ రెండో సాక్షి గుమ్మానికీ శవం పడి ఉన్న చోటుకీ మధ్య ఒక చిన్న గుండ్రటి గీత గీసి పక్కన ‘గడ్డివామి’ అని రాసి ఉంది. వకీలుకు నేనిచ్చిన కట్టలో లేని కాగితాల్లో ఆ స్కెచ్ ఒకటి. గడ్డివామి ఉన్నంత మాత్రాన సాక్షి అబద్ధం చెప్పాడని నేను అనడం లేదు. అది ఎంత ఎత్తు ఉందో, పక్కనుంచి కనిపిస్తుందో లేదో, ఆ రాత్రి వెలుతురు ఎలా ఉందో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి ఆ తీర్పు రాసినవారికీ తెలిసే అవకాశం లేకపోయింది. ఆ న్యాయవాది అసమర్థుడు కూడా కాదు. సొంత కేసుల్లో ఆయన చేసిన క్రాస్‌లు చాలా విన్నాను. ఆయనకు మేము కాగితాలూ ఇవ్వలేదు, సమయమూ ఇవ్వలేదు.

ఇందులో నా వంతు తప్పు కూడా ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. న్యాయవాదుల జాబితా అంటూ ఒకటి ఉండేది, దాన్ని చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఆ పూట కోర్టు హాల్లో ఎవరు కనిపిస్తే వారు, కాదనలేని వారు, జడ్జిగారి ముందు మొహమాటపడేవారు దొరికేవారు. పెద్ద ప్రాక్టీసు ఉన్నవారు ఆ గంటలో వేరే హాల్లో ఉంటారు గనుక ఎప్పుడూ తప్పించుకునేవారు. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిన కేసులో అతని రక్షణ ఎవరి చేతిలో పెట్టాలన్నది ఒక బెంచి క్లర్కు కంటిచూపు మీద ఆధారపడిందంటే, అది ఆ క్లర్కు మంచితనం చెడ్డతనం మీద ఆధారపడే పద్ధతే గానీ చట్టం కాదు.

ఈ విషయం మీద సుప్రీంకోర్టు చెప్పని మాట లేదు. కథ మొదలయిందే మన నేల మీద. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్ష వేసిన ఖైదీలు, తమకు వకీలు లేకుండానే విచారణ జరిగిందని వాదిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1951లో జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం కేసులో కోర్టు, ఉరిశిక్ష పడే కేసులో కూడా వకీలు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోతుందని సూత్రంగా చెప్పలేమంది. అక్కడినుంచి కోర్టు చాలా దూరం నడిచింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, పేద నిందితుడికి ఉచిత న్యాయ సహాయం, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమన్నది. 1980 డిసెంబరులో భాగల్పూర్ ఖైదీల కళ్లు పొడిచిన దారుణం మీద వచ్చిన ఖత్రీ కేసులో, మేజిస్ట్రేటు ముందు మొదటిసారి హాజరుపరిచిన క్షణం నుంచే ఆ హక్కు మొదలవుతుందని, ఆ సంగతి నిందితుడికి చెప్పే బాధ్యత మేజిస్ట్రేటుదేనని చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. 1986లో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం, నిందితుడు అడగకపోయినా పెట్టాల్సిందేనని, పెట్టకుండా వేసిన శిక్ష చెల్లదని తేల్చింది.

వీటన్నిటి మధ్య అంతగా ప్రచారం లేని తీర్పు ఒకటుంది, నా లేఖకు అదే ముఖ్యం. 1968లో వచ్చిన బషీరా వర్సెస్ ఉత్తరప్రదేశ్. హత్య కేసు, ఉరిశిక్ష. ముద్దాయికి న్యాయవాదిని నియమించిన రోజే సాక్షుల విచారణ మొదలుపెట్టారు. దాదాపు నేను పైన చెప్పిన తంతే. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. దేని ఆధారంగా? అలహాబాదు హైకోర్టు 1957లో చేసిన క్రిమినల్ నియమావళిలో, ఇలా నియమించిన న్యాయవాదికి కాగితాలు చూసుకుని సిద్ధపడటానికి తగినంత సమయం ఇవ్వాలని ఒక వాక్యం ఉంది. ఆ నియమం కూడా చట్టమే గనుక, దాన్ని మీరి ఒక మనిషి ప్రాణం తీయడం ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ కాదని, కాబట్టి 21వ అధికరణానికి విరుద్ధమని కోర్టు అన్నది. రాష్ట్రం స్థాయిలో రాసుకున్న ఒక చిన్న నియమానికి రాజ్యాంగమంత బలం ఎలా వస్తుందో ఇంతకంటే బాగా చెప్పే తీర్పు నాకు తెలియదు.

తీర్పులు ఉండగా మళ్లీ నియమాలెందుకని ఎవరైనా అడగవచ్చు. జవాబు కోర్టు ఆఫీసులో పనిచేసినవారికి తెలుసు. మా బల్ల మీద తీర్పులుండవు, ఫారాలుంటాయి, రిజిస్టర్లుంటాయి, నియమావళి పుస్తకం ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1990లో వచ్చిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ మా తరానికి పెద్దబాలశిక్ష. జిల్లా జడ్జిగారు వార్షిక తనిఖీకి వచ్చినప్పుడు చూసేవి ఆ పుస్తకం ప్రకారం ఉండాల్సిన రిజిస్టర్లనే. ఢిల్లీలో వచ్చిన తీర్పు సర్క్యులర్‌గా మారి, ఫైలులో చేరి, పైన ఇంకో సర్క్యులర్ పడేసరికి మరుగున పడిపోతుంది. రిజిస్టరులో ఒక గడి ఉంటే మాత్రం దాన్ని నింపక తప్పదు. 2019 డిసెంబరులో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు, యావజ్జీవం లేదా ఉరి పడే అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉన్న న్యాయవాదినే ఇవ్వాలని, సిద్ధపడటానికి మామూలుగా కనీసం ఏడు రోజుల గడువు ఇవ్వాలని, నిందితుడితో ముఖాముఖి మాట్లాడే అవకాశం కల్పించాలని స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కూడా అభియోగాలు మోపిన రోజే న్యాయవాదిని నియమించారు. బషీరా నాటి నుంచి అనోఖీలాల్ దాకా యాభై ఏళ్లు గడిచినా తప్పు మారలేదు. మళ్లీ 2024 డిసెంబరులో అశోక్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ కేసులో అదే కోర్టు, వకీలు లేకుండా సాక్షిని విచారించబోతుంటే ఆ సంగతి కోర్టు దృష్టికి తేవడం పబ్లిక్ ప్రాసిక్యూటర్ బాధ్యత కూడా అని గుర్తుచేయాల్సి వచ్చింది. చెప్పినదే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందంటే, అది చేరాల్సిన చోటికి చేరడం లేదనే అర్థం.

అందుచేత కొత్త నియమావళిలో మొట్టమొదట ఉండాల్సింది కాగితాల గురించి, గడువు గురించి. నియామకం జరిగిన తేదీ, పూర్తి పత్రాల కట్ట అందిన తేదీ, న్యాయవాది నిందితుడిని కలిసిన తేదీ, ఈ మూడూ వేర్వేరు గడులుగా డాకెట్‌లోనే ఉండాలి. మూడూ నిండి, ఏడు రోజులు గడిచేదాకా మొదటి సాక్షిని బోను ఎక్కించకూడదు. పత్రాల కట్టలో ఎన్ని పేజీలున్నాయో లెక్క రాసి న్యాయవాది సంతకం తీసుకోవాలి, అందులో స్కెచ్‌లు, ఫొటోలు, వైద్య నివేదికలు చదవగలిగేలా ఉన్నాయని కోర్టు ఆఫీసు ధ్రువపరచాలి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. గడ్డివామి గీసిన కాగితాన్ని చేతిలో పట్టుకున్నవాడికి అలా కనిపించదు.

రెండోది, ఒకే న్యాయవాది మొదటి నుంచి చివరిదాకా కొనసాగడం. రిమాండు నాడు ఒకరు, బెయిలు పిటిషన్ నాటికి ఇంకొకరు, కేసును మేజిస్ట్రేటు సెషన్స్ కోర్టుకు పంపాక (కమిట్ అయ్యాక) మూడోవారు అయితే, నిందితుడు తన కథ మూడుసార్లు చెప్పాలి, మూడోసారికి ఎవరినీ నమ్మడు. ఛార్జిషీటు గడువులోపు పడకపోతే అరవై రోజులకో తొంభై రోజులకో హక్కుగా వచ్చే బెయిలు ఒకటుంది. ఆ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే మనిషి ఒకరు ఉండాలి. రిమాండు నాడు వచ్చిన న్యాయవాది ఆ సాయంత్రంతో పని అయిపోయిందనుకుంటే లెక్కపెట్టేవారెవరు? ఈ మధ్య రిమాండు పొడిగింపులు చాలావరకు వీడియోలో జరుగుతున్నాయి. తెర మీద కనిపించే ఖైదీకి తన వకీలుతో చాటుగా నాలుగు మాటలు మాట్లాడే దారి ఉండటం లేదు, మాట్లాడితే హాలంతా వింటుంది. వాయిదాకు ముందు పావుగంటైనా వేరే లైనులో, ఎవరూ వినకుండా మాట్లాడుకునే ఏర్పాటు జైలులోనూ కోర్టులోనూ ఉండాలని నియమం రాయాలి.

ఎంపిక విషయం కాస్త నిదానంగా చెప్పాలి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో సవరించి తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకం నిజంగా మంచి అడుగు. జిల్లాకు ఒక చీఫ్, ఆయన కింద డిప్యూటీలు, అసిస్టెంట్లు, అందరూ పూర్తికాలం నిందితుల తరఫునే పనిచేయాలి, ప్రైవేటు కేసులు పట్టకూడదు. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. హాల్లో కనిపించినవారిని పట్టుకునే పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో మేలు. కానీ ఇది ఒక పథకం. కాంట్రాక్టు మీద నడుస్తుంది, దాని కొనసాగింపు పనితీరు అంచనా మీద ఆధారపడుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి. ఆయన ముందు వాదించే న్యాయవాది ఉద్యోగం ఆయన అధ్యక్షత వహించే సంస్థ చేతిలోనే ఉంటే, ‘ఈ సాక్షిని మళ్లీ పిలిపించండి’ అని నాలుగోసారి అడగడానికి ఆ న్యాయవాదికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. జడ్జీలు పగబడతారని నా ఉద్దేశం కాదు. చాలామంది జడ్జిగార్లు అలాంటి న్యాయవాదినే ఇష్టపడతారు. కానీ ఆ మొహమాటానికే తావు లేకుండా చేయడం నియమావళి పని. అంచనా వేసే సంఘంలో ఆ జిల్లాలో పనిచేయని ఒక రిటైర్డ్ జడ్జి, క్రిమినల్ ప్రాక్టీసులో పండిన ఇద్దరు న్యాయవాదులు ఉండాలి. తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఒక్కొక్కరి చేతిలో ఎన్ని కేసులు ఉండవచ్చన్నదానికి హద్దు కూడా నియమావళిలోనే రాయాలి. జీతం ఇస్తున్నాం కదా అని మోయలేనంత బరువు ఒక్కరి నెత్తిన పెడితే, పేరు మారి పాత స్టేట్ బ్రీఫే మిగులుతుంది.

డబ్బు గురించి మాట్లాడటం న్యాయవాదులకు నామోషీ, మా సిబ్బందికి అలవాటు. ప్యానెల్ న్యాయవాది ఫీజు బిల్లు ఎన్ని చేతులు మారుతుందో నేను చూశాను. కేసు తేలిన తర్వాత బిల్లు పెట్టాలి, దానికి తీర్పు నకలు జతచేయాలి, సర్టిఫికెట్ కావాలి, ఏదో ఒక గడి ఖాళీగా ఉందని తిరిగి వస్తుంది, అంతలో బడ్జెట్ అయిపోయిందంటారు. అవతలి పక్షాన పోలీసు స్టేషన్ ఉంది, ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, ప్రభుత్వ డాక్టరు ఉన్నాడు, జీతం తీసుకునే ప్రాసిక్యూటర్ ఉన్నాడు. ఇవతలి మనిషి జిరాక్సుల ఖర్చు కూడా తన జేబులోంచి పెట్టుకుని, జైలుకు బస్సులో వెళ్లి రావాలి. ఫీజును దశలవారీగా, ఛార్జి దశకు ఇంత, సాక్షుల విచారణకు ఇంత, వాదనలకు ఇంత అని విడదీసి, బిల్లు పెట్టిన నెలలోపు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయాలి. ఘటనాస్థలం చూసి రావడానికి, అవసరమైన చోట స్వతంత్ర నిపుణుడి అభిప్రాయం తీసుకోవడానికి విడిగా నిధి ఉండాలి. పోస్టుమార్టం నివేదికలోని గాయాలకూ చెప్పిన ఆయుధానికీ పొంతన ఉందో లేదో చెప్పగల డాక్టరు ముద్దాయి పక్షాన కూడా ఒకరు ఉంటే, చాలా కేసుల్లో తీర్పు ఎటైనా సరే మరింత గట్టిగా నిలబడుతుంది.

అర్హత దగ్గర ఒక చిక్కు ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, మరికొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం దొరుకుతుంది. మిగతావారికి ఆదాయ పరిమితి. బెయిలు మీద బయటకు వచ్చిన పేదవాడు ఒక్కసారిగా ‘నిర్బంధంలో ఉన్నవాడు’ కాకుండా పోతాడు, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి ఆదాయ ధ్రువపత్రం తేవాల్సి వస్తుంది. వాయిదాకు ఒక రోజు కూలి, సర్టిఫికెట్‌కు మూడు రోజుల కూలి. బెయిలు వచ్చినందుకు వకీలు పోకూడదు. 341వ సెక్షన్ కోరేది కోర్టుకు తోచడం మాత్రమే. కాబట్టి నిందితుడు ఇచ్చే సొంత డిక్లరేషన్ చాలునని, అబద్ధమని తేలితే ఖర్చు వసూలు చేయవచ్చునని నియమంలో రాస్తే సరిపోతుంది.

నిందితుడి వైపు నుంచి చూస్తే ఇంకొక అడ్డంకి కనిపిస్తుంది. మన ఊళ్లలో ‘గవర్నమెంటు ప్లీడరు’ అంటే పోలీసుల పక్షాన వాదించేవాడని అర్థం. ప్రభుత్వమే కేసు పెట్టి, ప్రభుత్వమే వకీలును ఇస్తే ఆ వకీలు ఎవరి మనిషి అన్న అనుమానం సహజం. వరండాలో ఒక ముసలాయన తన కొడుకు తరఫున నియమించిన న్యాయవాదిని పట్టుకుని, ‘అయ్యా, తమరు మా వాళ్లా, వాళ్ల వాళ్లా?’ అని అడగడం నేను విన్నాను. ఆ న్యాయవాది నవ్వి ఊరుకున్నారు. నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. నియామకం చేసేటప్పుడే మేజిస్ట్రేటు నిందితుడికి అర్థమయ్యే భాషలో, ఈ న్యాయవాది నీ మనిషి, నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పరు, పైసా ఇవ్వక్కరలేదు, నచ్చకపోతే కారణం చెప్పి మార్చమని అడగవచ్చు అని నాలుగు మాటలు చెప్పి, చెప్పినట్టు రికార్డు చేయాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. కోయ, గోండి, సవర మాట్లాడే నిందితుడికి తెలుగు వకీలు కూడా పరాయివాడే. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, సీతంపేట వైపు నుంచి వచ్చే కేసుల్లో దుబాసీ లేకుండా జరిగిన భేటీని భేటీగా లెక్కించకూడదు.

అభ్యంతరాలు రెండు వినిపిస్తాయి. విచారణలు ఇంకా ఆలస్యమవుతాయన్నది మొదటిది. వారం రోజుల గడువు వల్ల ఆలస్యం కావడం నేను ఎరగను. కానీ హడావుడిగా ముగించిన విచారణను పై కోర్టు కొట్టేసి మళ్లీ మొదటి నుంచి జరపమంటే ఏళ్లు పోతాయి. ఢిల్లీ బస్సు పేలుడు కేసులో మొహమ్మద్ హుస్సేన్ అనే ముద్దాయి విషయంలో 65 మంది సాక్షుల్లో 56 మందిని వకీలు లేకుండానే విచారించారు. చివరికి 2012లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణకు పంపింది. పైన చెప్పిన అనోఖీలాల్ కేసు కూడా 2013లో ముగిసిందనుకుంటే 2019లో తిరిగి మొదటికొచ్చింది. అది ఒక చిన్నారి హత్య కేసు. రెండోసారి బోనెక్కి అదే చెప్పాల్సి వచ్చిన వాళ్ల బాధ ఎవరి లెక్కలోనూ రాదు. ‘దొంగలకూ హంతకులకూ మా పన్నుల డబ్బా’ అన్నది రెండో అభ్యంతరం. బాధితుల కుటుంబాలు ఆ మాట అంటే నేను తలవంచుకుని వింటాను. మిగతావారు ఒక్క లెక్క చూడాలి. 2022 చివరి నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద ఇంకా ఏ నేరమూ రుజువు కాలేదు. వారి తిండికీ కాపలాకూ అయ్యేది కూడా పన్నుల డబ్బే.

అప్పీలు గురించి ఒక్క మాట. తీర్పు చెప్పిన సాయంత్రం ఎస్కార్టు తొందరలో ముద్దాయిని తీసుకుపోతారు. తీర్పు ఇంగ్లిషులో ఉంటుంది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని, అందులో ఏముందో తెలియక, జైలులో చదువుకున్న మరో ఖైదీ చేత చదివించుకునేవారు ఎందరో. నియమించిన న్యాయవాది పని తీర్పుతో ముగియదని, జైలుకు వెళ్లి తీర్పును వివరించి, అప్పీలు కావాలో వద్దో నిందితుడి చేత రాయించుకుని, కావాలంటే పూర్తి ఫైలును హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపేదాకా ఆ బాధ్యత ఉందని నియమంలో ఉండాలి. చివరి దశ ఫీజు ఆ రసీదు చూశాకే ఇవ్వాలి.

ఇవన్నీ నేను చెప్పినట్టే ఉండాలని కాదు. న్యాయవాదులకు, జైలు అధికారులకు, న్యాయ సేవల సంస్థలలో పనిచేసేవారికి నాకు తట్టనివి చాలా తడతాయి. 341వ సెక్షన్ కింద చేయబోయే నియమాల ముసాయిదాను రెండు హైకోర్టులూ తెలుగులో కూడా ప్రకటించి, అరవై రోజులు అభిప్రాయాలకు గడువిచ్చి, చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమహేంద్రవరం వంటి జైళ్లలో దాన్ని ఖైదీలకు చదివి వినిపించి వారి మాట కూడా రాసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బెంచి క్లర్కు
(పేరు ప్రచురించవద్దని మనవి)